ముల్లు కదలని వారాలు

రోజూ తినేదాంట్లో 400 క్యాలరీలు తగ్గించుకున్న మనిషి ఒంట్లోంచి ఆ రోజు కరిగే కొవ్వు సుమారు 50 గ్రాములు. కిలో ఒంటికొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలు నిల్వ ఉంటాయి కాబట్టి లెక్క అంతే వస్తుంది. అదే మనిషి తూకం మాత్రం తాగిన నీళ్లు, పోయిన చెమట, పేగుల్లో ఉన్న ఆహారం, ఒంట్లో నిలిచిన ఉప్పునీరు వల్ల రెండు మూడు రోజుల్లోనే కిలో, కిలోన్నర అటూ ఇటూ అవుతుంది. ఇళ్లలో వాడే వెయింగ్ మెషీన్లు చాలావరకు 100 గ్రాముల కన్నా చిన్న తేడాను చూపించవు. అంటే పొద్దున్నే లేచి మెషీన్ ఎక్కేవాళ్లు వెతికేది 50 గ్రాముల మార్పును. అదీ దానికి ఇరవై ముప్పై రెట్లుండే నీటి హెచ్చుతగ్గుల మధ్యలో, ఆ మార్పును పట్టుకోలేని పరికరంతో. దొరకదు. దొరకనందుకు నింద మాత్రం డైట్ మీద పడుతుంది, లేదంటే ‘నా ఒళ్లే అంత’ అంటూ ఒంటి మీద పడుతుంది. బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఓపిక ఉండాలని చెప్పనివాళ్లు లేరు. చెప్పేవాళ్లంతా దాన్ని సంకల్పబలానికీ మనోనిగ్రహానికీ ముడిపెడతారు. అసలు కావలసింది అంత గొప్పదేమీ కాదు: ఎన్నాళ్లకు ఎంత మార్పు కనిపించడానికి వీలుందో ముందే తెలిసి ఉండటం. ఆ లెక్క తెలియకుండా పట్టే ఓపిక ఎక్కువకాలం నిలవదు. తెలిసినవాళ్లకు ఓపిక పట్టాల్సిన పనే సగం తగ్గుతుంది.

ముందు నీటి సంగతి చూద్దాం. అన్నంలో, ఇడ్లీలో, రొట్టెలో ఉండే పిండిపదార్థంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. పెద్దవాళ్లలో ఈ నిల్వ సుమారు అరకిలో ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. తిండి బాగా తగ్గించినప్పుడు, ముఖ్యంగా అన్నం మానేసినప్పుడు, మొదట ఖర్చయ్యేది ఈ నిల్వే. అది తరిగేకొద్దీ దాని నీరూ బయటికి పోతుంది. వారం తిరక్కముందే కిలోన్నర, రెండు కిలోలు తగ్గినట్టు మెషీన్ చూపిస్తుంది. భారతీయులకు ఆహారం నుంచి అందే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదేనని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్కగట్టింది. అలా తినే మనిషి ఒక్కసారిగా అన్నం ఆపేస్తే ఈ తగ్గుదల మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. కొన్నేళ్ల కిందట తెలుగు జిల్లాలను ఊపేసిన కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్‌కు మొదటి వారంలోనే అంతమంది భక్తులు తయారవడంలో ఈ నీటి పాత్ర తక్కువేమీ కాదు. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి వారపు రెండు కిలోలను కొలబద్దగా పెట్టుకున్నవాళ్లకు నాలుగో వారంలో దిగిన 300 గ్రాములు అవమానంలా కనిపిస్తాయి. నిజానికి ఆ రెండు కిలోల్లో కొవ్వు వాటా కూడా ఇంచుమించు ఆ 300 గ్రాములంతే. మిగతాది నీరు, మళ్లీ అన్నం ముందు కూర్చున్న రోజు తిరిగొచ్చే నీరు.

ఉప్పు కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లో కణాల వెలుపల ఉండే నీటి ఉప్పదనమూ ఇంచుమించు అంతే; ఆ పాళ్లు చెడకుండా శరీరం గట్టిగా కాచుకుంటుంది. పులిహోర, ఆవకాయ, అప్పడాలు, సాంబారు అన్నీ ఉన్న విందులో మామూలు కన్నా 5 గ్రాముల ఉప్పు ఎక్కువ పడిందనుకుందాం. మూత్రపిండాలు దాన్ని వదిలించుకునే దాకా, అంటే ఒకటి రెండు రోజులపాటు, అర లీటరు నీరు అదనంగా ఒంట్లో నిలిచిపోగలదు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లలో నొప్పెట్టిన కండరాలు మరమ్మతు కోసం నీరు చేర్చుకుంటాయి. జిమ్‌లో చేరిన కొత్తలో బరువు పెరిగిందని బెంబేలెత్తేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. నెలసరికి ముందు చాలామంది స్త్రీల ఒళ్లు నీరు పడుతుంది. మలబద్ధకం తోడైతే సరేసరి. ఇవి రెండు మూడు ఒకే వారంలో కలిసొచ్చాయంటే, పద్నాలుగు రోజులు కష్టపడి కరిగించిన 700 గ్రాముల కొవ్వు తూకంలో ఎక్కడా కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి ఒక ప్రయోగం చేశారు. వాళ్లు సగటున ఒంటి బరువులో నాలుగోవంతు కోల్పోయారు. అంతటి ఆకలిలోనూ వాళ్ల కాళ్లు నీరు పట్టి ఉబ్బాయి. లోపల కండ, కొవ్వు కరిగిపోతున్న సంగతిని ఆ నీరు తూకంలో కొంతమేర కప్పిపెట్టింది. అంత కఠినమైన పరీక్షలోనే తూకం తికమక పెట్టిందంటే, ఆదివారం బిర్యానీ తిని సోమవారం పొద్దున మెషీన్ ఎక్కేవాళ్ల సంగతి చెప్పాలా!

వారాల ఎగుడుదిగుళ్లకు నీరు కారణమైతే, నెలలు గడిచేకొద్దీ వేగం మందగించడానికి కారణం వేరు. 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ వైద్యుడు పౌను ఒంటి బరువు 3,500 క్యాలరీలకు సమానమని లెక్కగట్టారు. నిల్వలో ఎంత శక్తి ఉందో చెప్పడానికి ఆ లెక్క పనికొస్తుంది. దశాబ్దాల తరబడి డైట్ చార్టులు, పత్రికల ఆరోగ్య శీర్షికలు, ఇప్పుడు ఫోన్ యాప్‌లు దాన్ని జోస్యం చెప్పడానికి వాడుతూ వచ్చాయి. రోజుకింత తిండి తగ్గిస్తే ఏడాదికింత బరువు తగ్గుతారని. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ఈ జోస్యాన్ని సరిదిద్దింది. చెరువు తూము తెరిస్తే మొదట నీరు ఉరికి వస్తుంది. మట్టం దిగేకొద్దీ, తూము ఎవరూ మూయకపోయినా, ధార సన్నబడుతుంది. ఒంటి బరువూ అంతే. 90 కిలోల మనిషి మెట్లెక్కడానికి, నడవడానికి, ఊరికే కూర్చుని ఊపిరి తీయడానికి అయ్యే ఖర్చు 82 కిలోలకు దిగాక అవ్వదు. ఖర్చు తగ్గిందంటే, తినే తిండి అంతే ఉన్నా, లోటు తగ్గినట్టే. హాల్ సూత్రం ప్రకారం రోజుకు 24 క్యాలరీలు శాశ్వతంగా తగ్గించుకుంటే చివరికి కిలో బరువు తగ్గుతుంది. అందులో సగం దిగడానికి ఏడాది, దాదాపు మొత్తం దిగడానికి మూడేళ్లు పడుతుంది. రోజుకు 240 క్యాలరీలు, అంటే ఇంచుమించు రెండు పెద్ద చెంచాల నూనె, మానుకున్న మనిషిని తీసుకుందాం. పాత జోస్యం ప్రకారం ఆ మనిషి మొదటి ఏడాదిలోనే 11 కిలోలు, మూడేళ్లలో 34 కిలోలు తగ్గాలి. ఇలాగే సాగితే ఎనిమిదేళ్లకు మనిషే మిగలడు! హాల్ లెక్కలో మొదటి ఏడాది 5 కిలోలు, చివరికి 10. ఆ 5 కిలోలు తగ్గిన మనిషి చేతిలో పాత చార్టు ఉంటే ఓడిపోయాననుకుంటాడు. కొత్త చార్టు ఉంటే సరిగ్గా గీత మీదే ఉన్నాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. ‘మూడేళ్ల సంగతి సరే, నాకు అయిదో నెలలోనే ఆగిపోయింది, తినేది మాత్రం అంతే తింటున్నాను’ అంటారు చాలామంది. హాల్ లెక్కలో అయిదో నెలకు పూర్తిగా ఆగిపోవడం లేదు. అలా ఆగితే ఖర్చు పడిపోవడం ఒక్కటే దానికి సమాధానం చెప్పదు. తిండి పెరిగి ఉండాలి. ఈ మాట కటువుగా ఉంటుంది గానీ, దీని వెనక ఆధారం గట్టిది. హాల్, ఆయన సహచరులు 2016లో మరో సంగతి తేల్చారు. తగ్గిన ప్రతి కిలోకు శరీరం ఖర్చు రోజుకు 20 నుంచి 30 క్యాలరీలు పడిపోతే, ఆకలి మాత్రం 100 క్యాలరీల దాకా పెరుగుతుంది. అయిదు కిలోలు తగ్గిన మనిషిని ఒళ్లు రోజూ మరో 500 క్యాలరీలు తినమని పోరుతుంటుందన్నమాట. ఆ పోరు పెద్ద దురాశగా రాదు. పప్పులో పోపు ఇంకాస్త చిక్కబడుతుంది, పెరుగన్నం గరిటె నిండుగా పడుతుంది, నాలుగింటి టీతోపాటు రెండు బిస్కెట్లు వస్తాయి. ఇవేవీ తిన్నట్టు గుర్తుండవు. 1992లో న్యూయార్క్‌లో స్టీవెన్ లిక్ట్‌మన్ బృందం, రోజుకు 1,200 క్యాలరీల లోపే తింటున్నా తగ్గడం లేదని చెప్పిన కొందరిని పరీక్షించింది. వాళ్ల జీవక్రియ మామూలుగానే ఉంది. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువ చేసి చెప్పుకున్నారు. వాళ్లు అబద్ధాలకోరులని ఆ పరిశోధకులు అనలేదు. అనుకోవలసిన పనీ లేదు. పోపులోని నూనెను కంటితో కొలిచే వంటింట్లో ఎవరు లెక్క రాసినా అంతే తేలుతుంది. అందుకని, ఆగిపోయిన బరువును చూసి ‘ఓపిక పడదాం’ అనుకునే ముందు ఒక వారం పాటు నూనె, చక్కెర, అన్నం కొలిచి వండుకోవడం మంచిది. ఓపిక, ఏమరుపాటు బయటికి ఒకేలా కనిపిస్తాయి.

జీవక్రియ అసలు మారదా అంటే, మారుతుంది. ‘ద బిగ్గెస్ట్ లూజర్’ అనే అమెరికన్ టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, విశ్రాంతిలో వాళ్ల శరీరం చేసే ఖర్చు ఉండవలసిన దానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగా తేలింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లకు 41 కిలోలు తిరిగొచ్చేశాయి. 2016లో ఈ ఫలితాలు వెలువడినప్పటి నుంచి ‘డైట్ చేస్తే మెటబాలిజం చెడిపోతుంది’ అనే మాట సామెతలా స్థిరపడింది. ఏడు నెలల్లో రోజుకు గంటల తరబడి వ్యాయామంతో 58 కిలోలు దించుకున్నవాళ్ల ఒళ్లు చూపించిన తిరుగుబాటును, ఏడాదిలో అయిదారు కిలోలు తగ్గే మనిషికి అతికించడం మాత్రం సబబు కాదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. నెమ్మదిగా తగ్గితేనే నిలబడుతుందని ఎవరు చెప్పారు? నిజమే, ఆ నమ్మకానికి అనుకున్నంత ఆధారం లేదు. మెల్‌బోర్న్‌లో 200 మందితో జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో ఒక బృందానికి 12 వారాల్లో, మరో బృందానికి 36 వారాల్లో ఒంటి బరువులో కనీసం ఎనిమిదో వంతు తగ్గాలని లక్ష్యం పెట్టారు. వేగం బృందంలో 81 శాతం మంది లక్ష్యాన్ని అందుకున్నారు, నెమ్మది బృందంలో సగం మందే. ఆ తర్వాత మూడేళ్లకు రెండు బృందాలూ తగ్గినదాంట్లో 71 శాతం వరకు తిరిగి పెరిగాయి. అంతకు ముందే, 2013లో, న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధకుల బృందం స్థూలకాయం చుట్టూ అల్లుకున్న అపోహల జాబితా ఇచ్చింది. వేగంగా తగ్గితే నష్టమనేదాన్ని అందులో చేర్చింది. కాబట్టి ఓపికను సమర్థించేవాళ్లు ‘నిదానమే ప్రధానం’ అనే దన్నును వదులుకోవాల్సిందే. ఆ దన్ను లేకపోయినా వాదన నిలుస్తుంది. మెల్‌బోర్న్‌లో వేగంగా తగ్గినవాళ్లు రోజుకు 800 క్యాలరీలు మించని ప్రత్యేక పానీయాల మీద, నిపుణుల కనుసన్నల్లో ఉన్నారు. అంత పర్యవేక్షణ ఇంటిదగ్గర దొరకదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు వారానికి అరకిలో తగ్గితే క్షేమమని, డైట్ పేరుతో రోజుకు 1,000 క్యాలరీల కన్నా తగ్గించి తినొద్దని చెబుతాయి. ఇంతకీ మన ప్రశ్న ఎంత వేగంగా తగ్గాలన్నది కాదు. ఎంచుకున్న వేగం ఏదైనా, మధ్యలో ముల్లు కదలని వారాలు వచ్చినప్పుడు ఏమనుకోవాలన్నదే ప్రశ్న. వేగంగా తగ్గేవాళ్లకూ ఆ వారాలు వస్తాయి.

మొదట్లో బాగా తగ్గినవాళ్లే చివరికీ బాగా తగ్గుతారన్నది కూడా నిజమే. టైప్-2 మధుమేహం ఉన్న 5,000 మందికి పైగా పాల్గొన్న ‘లుక్ ఎహెడ్’ అనే అమెరికన్ అధ్యయనంలో మొదటి రెండు నెలల తగ్గుదల ఎనిమిదేళ్ల తర్వాతి ఫలితాన్ని చాలావరకు ముందే పట్టిచ్చింది. దీన్ని చూపించి, నెమ్మదిగా మొదలైనవాళ్లను ఓపిక పట్టమనడం ఓదార్పు మాటేనని ఒకరు వాదించవచ్చు. ఆ వాదనలో పస ఉంది. అయితే అది ప్రయత్నం మానేయమని చెప్పడం లేదు, పద్ధతి మార్చుకోమని చెబుతోంది. రెండు నెలలంటే ఎనిమిది వారాలు. నీటి హెచ్చుతగ్గులు వెనక్కి తగ్గి, కొవ్వు లెక్క పైకి తేలడానికి చాలినంత కాలం. ఎనిమిది వారాల సగటులు పక్కపక్కన పెట్టి చూసినా ఏమీ కదల్లేదంటే, అక్కడ ఓపిక పనికిరాదు. భోజనంలోనో, నడకలోనో, వైద్యంలోనో ఏదో ఒకటి మారాలి. నాలుగు రోజులకే పద్ధతి మార్చేవాళ్లు ఒక తప్పు చేస్తే, ఎనిమిది నెలలైనా అదే పద్ధతిని పట్టుకుని వేలాడేవాళ్లు మరో తప్పు చేస్తున్నారు. మన డైట్ సలహాలన్నీ మొదటి తప్పు చుట్టూనే తిరుగుతాయి, రెండో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ముల్లు కదలని కాలంలో ఒంట్లో ఏం జరుగుతోందన్నది ఇంతకన్నా ముఖ్యమైన సంగతి. దీనికి మన పొరుగునే, చెన్నైలో, ఒక జవాబు దొరికింది. ఎ. రామచంద్రన్ బృందం చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో మధుమేహం అంచున ఉన్న 531 మందిని నాలుగు బృందాలుగా విడదీసి మూడేళ్ల ఫలితాలు చూశారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతం మంది మధుమేహులయ్యారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 శాతమే. 2006లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించిన విషయం ఏమిటంటే, తిండి, నడక మార్చుకున్నవాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వెయింగ్ మెషీన్‌ను నమ్ముకుంటే వాళ్లంతా విఫలమైనట్టే. రక్తపరీక్షను నమ్ముకుంటే ప్రతి వందమందిలో పదహారు మంది జబ్బు వాత పడకుండా తప్పించుకున్నారు. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన ఇలాంటి పరీక్షలో బరువు తగ్గింది, అయితే సగటున 5.6 కిలోలే. ఆ మాత్రానికే మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం పడిపోయింది. తగ్గిన ఒక్కో కిలోకు ముప్పు 16 శాతం చొప్పున తగ్గిందని తర్వాతి విశ్లేషణ లెక్కతేల్చింది. తర్వాతి ఏళ్లలో వాళ్ల బరువు చాలావరకు తిరిగొచ్చింది. అయినా పదేళ్లు గడిచాక కూడా వాళ్లలో మధుమేహం 34 శాతం తక్కువగానే ఉంది.

తెలుగువాళ్లకు ఈ లెక్కలు ఇంకా దగ్గరివి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు సూచీ) 25 లేదా అంతకు మించి ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశం మొత్తానికి 24 శాతం. పైగా మన ఒంట్లో కొవ్వు కుదురుకునే తీరు వేరు. పుణె కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో 2004లో లాన్సెట్‌లో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ సరిసమానంగా 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. భారతీయులకు అధిక బరువు 23 బీఎంఐ నుంచే మొదలవుతుందని, నడుం కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదని మన వైద్యులు విడిగా గీతలు గీసింది ఇందుకే. రోజూ నడిచి, పప్పూ గుడ్డూ కాస్త పెంచి, అన్నం తగ్గించుకున్న మనిషిలో కండ నిలబడి బొజ్జ కొవ్వు కరుగుతున్నప్పుడు తూకం మందకొడిగానే కదులుతుంది. నడుం చుట్టూ టేపు అంతకన్నా ముందే నిజం చెప్పవచ్చు. తూకాన్ని ఒక్కదాన్నే న్యాయమూర్తిని చేసి కూర్చోబెట్టడమే అసహనానికి సగం కారణం.

మిగతా సగం కారణం ఆశల్లో ఉంది. 1997లో గ్యారీ ఫాస్టర్ బృందం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 60 మంది స్థూలకాయ స్త్రీలను చికిత్సకు ముందే అడిగింది, ఎంత తగ్గితే సంతృప్తి, ఎంత తగ్గితే నిరాశ అని. సగటున 17 కిలోలు తగ్గితే నిరాశేనన్నారు. 48 వారాల చికిత్సలో వాళ్లు సగటున 16 కిలోలు తగ్గారు. ఏ వైద్యుడైనా గర్వపడే ఫలితమది. వాళ్లలో దాదాపు సగం మంది మాత్రం తాము నిరాశ అని పేరు పెట్టుకున్న గీతను కూడా అందుకోలేకపోయారు. ఎక్కువ ఆశ పెట్టుకుంటే ఎక్కువ సాధిస్తారనే ఆధారాలూ కొన్ని ఉన్నాయి. ఇందాక చెప్పిన అపోహల జాబితాలో ‘చిన్న లక్ష్యమే మేలు’ అనేది కూడా ఉంది. మరోవైపు, ఇటలీలో 1,700 మందికి పైగా రోగులను గమనించిన అధ్యయనంలో ఎక్కువ ఆశించినవాళ్లే ఏడాది తిరిగేలోగా చికిత్స మానేశారని తేలింది. నా ఉద్దేశంలో పెద్ద లక్ష్యం చేటు చేయదు, దానికి పెట్టుకునే గడువు చేటు చేస్తుంది. మన చుట్టూ అమ్ముడుపోయేవి గడువులే. ‘30 రోజుల్లో’ అనే ప్రకటన, పెళ్లికూతురి డైట్ ప్యాకేజీ, ముందూ తర్వాతా ఫొటోల జంట. ఆ ఫొటోల నడుమ ముల్లు కదలని వారాలు ఎన్ని గడిచాయో ఏ ప్రకటనా చెప్పదు. దీనికి తోడు మనకు పేరంటాల వైద్యం ఉండనే ఉంది. ‘ఏమ్మా, డైట్ చేస్తున్నావన్నారు, ఏం తగ్గినట్టు లేదే’ అని పలకరించే పిన్నిగారికి తెలుగు నేల మీద కరువు లేదు. కొవ్వు తగ్గుదలను పసిగట్టడం మెషీన్‌కే చేతకాని పని. పిన్నిగారిని పట్టించుకోనక్కర్లేదు.

ఇంజెక్షన్లు వచ్చాక ఇంకా ఓపికేమిటని అడిగేవాళ్లకు ఆ ఇంజెక్షన్ల పరీక్షల్లోనే సమాధానం ఉంది. సెమాగ్లుటైడ్‌ను 1,961 మందిలో పరీక్షించినప్పుడు సగటు తగ్గుదల 14.9 శాతం. దానికి పట్టిన కాలం 68 వారాలు. పూర్తి మోతాదుకు చేరడానికే 16 వారాలు. మందు ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. 2025లో మన మార్కెట్‌లోకి వచ్చిన టిర్జెపటైడ్ ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. దాని పరీక్ష 72 వారాలు నడిచింది. ఈ మందులు ఆకలి పోరును తగ్గించి తూములో ధారను మరికొంత కాలం నిలబెడతాయి. అవసరమున్నవాళ్లు డాక్టరు సలహాతో వాడుకోవడంలో తప్పేమీ లేదు. అవి కాలాన్ని మాత్రం రద్దు చేయలేదు.

కాబట్టి కొలిచే పద్ధతి మార్చుకోవడం మంచి మొదలు. రోజూ తూచుకునేవాళ్లు పొద్దున్నే, మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు తూచుకుని అంకె రాసి పెట్టాలి, దాని గురించి ఆలోచించకూడదు. ఏడు రోజుల సగటును అంతకు ముందు నెల ఇదే వారపు సగటుతో పోల్చాలి. నెలసరి అయ్యే స్త్రీలు కిందటి నెలసరిలో అదే రోజుతో పోల్చుకుంటే నీటి మోసం చాలావరకు తప్పుతుంది. తగ్గిన బరువును నిలబెట్టుకున్న వేలమందిని 1994 నుంచి గమనిస్తున్న అమెరికన్ రిజిస్ట్రీలో నాలుగింట మూడొంతుల మంది కనీసం వారానికోసారి తూచుకుంటారు. తూకం మానుకోవడం ఓపికకు దారి కాదనే దీని అర్థం. అంకె చూసిన ప్రతిసారీ కడుపు మాడ్చుకునే అలవాటో, తిని కక్కుకునే అలవాటో ఉన్నవాళ్లు మాత్రం మెషీన్‌కు దూరంగా ఉండి వైద్యుడిని కలవాలి. టేపుతో నడుం కొలత నెలకోసారి చాలు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకునేవాళ్లు ఆ కాగితాన్నీ తూకం పక్కనే పెట్టుకోవాలి.

ఎనిమిది వారాల గడువు దాటినా ఏమీ కదలకపోతే థైరాయిడ్, పీసీఓఎస్, వాడుతున్న మందులు చూపించుకోవాలి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యపు మందులు, ఇన్సులిన్ బరువు పెంచేవే. ఓపిక అస్సలు పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రయత్నమేమీ లేకుండా బరువు దిగిపోవడం ఒకటి. కాళ్లు వాచి, ఆయాసంతోపాటు నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరగడం మరొకటి. అది విందు నీరు కాకపోవచ్చు, గుండెదో మూత్రపిండాలదో కావచ్చు. ఇన్సులిన్‌గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడుతున్న మధుమేహులు తిండి తగ్గించినప్పుడు చక్కెర ప్రమాదకరంగా పడిపోగలదు. మోతాదు తగ్గించాలా అన్న ప్రశ్న డాక్టరును అడగాల్సింది అన్నం తగ్గించడానికి ముందే, మూడు నెలల తర్వాతి చెకప్‌లో కాదు.